ఋషికేశ్ రాఫ్టింగ్

ఋషికేశ్ రాఫ్టింగ్ అనగా ఉత్తరాఖండ్ రాష్ట్రంలో కౌడియాలా నుండి ఋషికేశ్ వరకు గంగా నదిలో గాలి నింపిన రబ్బరు తెప్పలపై చేసే సాహస ప్రయాణం. భారతదేశంలో ఈ జలక్రీడకు అత్యంత ప్రసిద్ధమైన స్థలం ఇదే. ఢిల్లీ నుండి సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉండుట వలన, వారాంతంలో రెండు రోజులు మాత్రమే సెలవు దొరికే ఉద్యోగులు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. వీరిలో చాలామందికి నదితో పూర్వ పరిచయం ఉండదు, కొందరికి ఈత కూడా రాదు. కాబట్టి ఈ క్రీడలో భద్రత ప్రయాణికుని నేర్పు కంటె గైడు అనుభవం, పరికరాల నాణ్యత, ఆనాటి నీటి మట్టం అనే మూడు విషయాలపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పేరు

రాఫ్ట్ అనే ఆంగ్ల పదానికి తెప్ప అని అర్థం. తెలుగు ప్రాంతాలలో నదులు దాటుటకు తెప్పలను, వెదురుతో అల్లిన గుండ్రని పుట్టిని (దీనినే హరిగోలు అని కూడా అంటారు) పూర్వం నుండి వాడుతున్నారు. అయితే అవి నిదానంగా సాగే నీటిలో అవతలి ఒడ్డుకు చేరే సాధనాలు. రాఫ్టింగ్‌లో నది దాటుట ఉద్దేశ్యం కాదు. ప్రవాహం వెంట దిగువకు పోతూ, నీరు ఉధృతంగా ఉండే చోట్లను దాటుటయే ఇందలి క్రీడ. రాళ్ళ మీదుగా దూకే నీటిలో గాలి కలిసి తెల్లగా నురుగు కడుతుంది. అందువలన అటువంటి నీటిని తెల్లనీరు అని, ఆ చోట్లను ర్యాపిడ్లు అని అంటారు.

చరిత్ర

పడవలపై కొండ నదుల అన్వేషణ 19వ శతాబ్దంలో అమెరికాలో ప్రసిద్ధి పొందినది. 1869లో జాన్ వెస్లీ పావెల్ చెక్క పడవలలో కొలరాడో నదిపై గ్రాండ్ కాన్యన్ గుండా ప్రయాణించాడు. ఆ రోజులలో తెడ్డు వేసేవారు దిగువకు వీపు పెట్టి కూర్చొనేవారు. అందువలన ఎదురుగా వచ్చే బండలు వారికి కనిపించేవి కావు. 1890లలో నథానియెల్ గాలవే అనే పడవ నడిపేవాడు దిగువ వైపు ముఖం పెట్టి కూర్చొను పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. నదిని ముందుగా చూసి నడపడం అనే నేటి రాఫ్టింగ్ సూత్రానికి ఇదే మూలం.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సైన్యం వద్ద మిగిలిపోయిన రబ్బరు పడవలు చౌకగా అమ్మకానికి రావడంతో, డబ్బు తీసుకుని యాత్రికులను నదిపైకి తీసుకుపోవు వ్యాపారం పెరిగినది. 1997లో అంతర్జాతీయ రాఫ్టింగ్ సమాఖ్య ఏర్పడినది.

గంగా నదిలో సాహస యాత్రలకు 1977లో సర్ ఎడ్మండ్ హిల్లరీ జరిపిన యాత్ర గుర్తింపు తెచ్చినది. సముద్రం నుండి ఆకాశానికి అని అర్థం వచ్చే పేరుతో ఆయన బృందం జెట్ పడవలలో గంగాసాగర్ నుండి నదికి ఎదురెక్కినది. నందప్రయాగ వద్ద ఒక జలపాతం అడ్డు వచ్చిన తరువాత వారు పడవలను విడిచి పర్వతాల వైపు కాలినడకన సాగారు. 1980లలో ఋషికేశ్ ఎగువన రాఫ్టింగ్ వ్యాపారంగా మొదలై, క్రమంగా ఆ ప్రాంతపు యువకులకు ముఖ్యమైన జీవనాధారాలలో ఒకటిగా మారినది.

నదీ మార్గం

భాగీరథి, అలకనందా నదులు దేవప్రయాగ వద్ద కలుస్తాయి. అక్కడి నుండి దిగువకు ఈ నదిని గంగ అని పిలుస్తారు. దేవప్రయాగ నుండి ఋషికేశ్ వరకు నది ఇరుకైన లోయలో వంపులు తిరుగుతూ ప్రవహిస్తుంది. బదరీనాథ్ వెళ్ళే రహదారి దాదాపుగా నది వెంటనే సాగుతుంది. తెప్పలను వాహనాలపై కట్టి ఎగువకు తీసుకుపోవుటకు, ప్రమాదం జరిగితే సహాయం చేరుటకు ఈ రహదారి ఎంతో అనుకూలమైనది. హిమాలయాలలో ఇంతకంటె ఉధృతమైన నదులు కలవు. కాని ఇంత దగ్గరగా రహదారి ఉన్న ప్రవాహాలు తక్కువ. కొత్తవారికి ఋషికేశ్ అనువుగా ఉండుటకు ఇది ముఖ్య కారణం.

ప్రయాణం మొదలుపెట్టే చోటును బట్టి నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నవి. దూరాలు సుమారుగా ఇవ్వబడినవి.

- బ్రహ్మపురి నుండి ఋషికేశ్: 9 కిలోమీటర్లు. మొదటిసారి వచ్చేవారికి అనువైనది. హిల్టన్, టెర్మినేటర్ వంటి చిన్న ర్యాపిడ్లు ఉన్నవి.
- శివపురి నుండి ఋషికేశ్: 16 కిలోమీటర్లు. ఎక్కువమంది ఎంచుకునే మార్గం. రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్ అనే ర్యాపిడ్లు ఈ దారిలో వస్తాయి.
- మెరైన్ డ్రైవ్ నుండి ఋషికేశ్: 25 కిలోమీటర్లు. పై వాటికి అదనంగా బ్లాక్ మనీ, క్రాస్ ఫైర్, త్రీ బ్లైండ్ మైస్ ఉన్నవి.
- కౌడియాలా నుండి ఋషికేశ్: 35 కిలోమీటర్లు. డానియల్స్ డిప్, ద వాల్ అనే కష్టమైన ర్యాపిడ్లు ఈ మార్గం పై భాగంలో ఉన్నవి. పూర్వానుభవం ఉన్నవారికి మాత్రమే తగినది.

ప్రయాణం చివరి భాగంలో నది నెమ్మదిస్తుంది. లక్ష్మణ్ ఝూలా, రామ్ ఝూలా అనే వేలాడే వంతెనల కిందుగా తెప్పలు సాగుతాయి. వీటిలో 1930 నాటి లక్ష్మణ్ ఝూలాపై రాకపోకలు భద్రతా కారణాల వలన 2019లో ఆపివేయబడినవి.

ర్యాపిడ్ల శ్రేణులు

నదులలో ఉధృతిని కొలుచుటకు అంతర్జాతీయంగా ఆరు శ్రేణులు ఉన్నవి. 1వ శ్రేణిలో నీరు చిన్న అలలతో సాగుతుంది. 2వ శ్రేణిలో దారి స్పష్టంగా కనిపిస్తుంది, అలలు మధ్యస్థంగా ఉంటాయి. 3వ శ్రేణిలో అలలు క్రమం తప్పి వస్తాయి, తెప్పను అవసరమైన వైపు తిప్పుట తప్పనిసరి. 4వ శ్రేణిలో ప్రవాహం శక్తివంతమైనది, దారి ఇరుకైనది. నీటిలో పడినవారు సొంతంగా బయటపడడం కష్టం. 5వ శ్రేణి నిపుణులకు మాత్రమే. 6వ శ్రేణి దాదాపుగా దాటరానిది. శివపురి దిగువన ఉన్నవి అధిక భాగం 2, 3 శ్రేణులకు చెందినవి. ద వాల్ 4వ శ్రేణిలోనిది.

ఈ శ్రేణులు శాశ్వతం కావు. నీరు పెరిగితే కొన్ని బండలు మునిగి ఒక ర్యాపిడ్ సులభం కావచ్చును, మరొకటి కష్టం కావచ్చును. కాబట్టి అక్టోబరులో ఒక మార్గాన్ని సులభంగా దాటినవారు జూన్‌లో కూడా అది అలాగే ఉంటుందని భావించరాదు.

నీటి పోకడలు

పైకి ఒకే ప్రవాహంలా కనిపించే నదిలో అనేక పోకడలు కలిసి ఉంటాయి. గైడు వీటిని దూరం నుండే గుర్తించి తెప్పను నడుపుతాడు.

నాలుక: ర్యాపిడ్ ఆరంభంలో నీరు రెండు వైపుల బండల మధ్య నున్నగా, దిగువకు చూపే బాణం ఆకారంలో సాగుతుంది. లోతైన దారికి ఇది గుర్తు. తెప్పను సాధారణంగా దీనిపైకి తెస్తారు. బాణం మొన ఎగువకు చూపితే ఆ మొన వద్ద బండ ఉన్నదని అర్థం.

ఎడ్డీ: బండ వెనుక ఏర్పడే ఖాళీని నింపుటకు నీరు ఎగువ వైపుకు మళ్ళుతుంది. ఈ ఎదురు ప్రవాహంలో తెప్పను నిలిపి విశ్రమించవచ్చు, వెనుక వచ్చేవారి కోసం ఆగవచ్చు. కాని ప్రధాన ప్రవాహానికి, ఎడ్డీకి మధ్య గీతను అజాగ్రత్తగా దాటితే తెప్ప తలకిందులు కాగలదు.

హోల్: మునిగిన బండపై నుండి దూకిన నీరు అడుగుకు పోయి, పైభాగంలో తిరిగి బండ వైపుకే పొర్లుతుంది. ఇందులో చిక్కిన తెప్ప గాని మనిషి గాని అక్కడే తిరుగుతూ ఉండిపోవచ్చు. దీనిని దాటుటకు తెప్ప ముందు భాగాన్ని నేరుగా ఉంచి వేగంగా తెడ్లు వేయాలి. భయంతో తెడ్డు ఆపుట ఇక్కడ అన్నిటికంటె పెద్ద పొరపాటు.

జల్లెడ: నదిలో కూలిన చెట్టు కొమ్మల గుండా నీరు పోతుంది, మనిషి పోలేడు. వేగంగా సాగే ప్రవాహంలో ఇది మిక్కిలి ప్రమాదకరం.

ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిపై చూపే బలం నాలుగింతలు అవుతుంది. మోకాలి లోతు నీటిలో సైతం మనిషి కాలు నిలువలేకపోవుటకు కారణం ఇదే.

పరికరాలు

తెప్పను హైపలాన్ వంటి దృఢమైన కృత్రిమ రబ్బరు పూసిన గుడ్డతో తయారుచేస్తారు. ఇందులో గాలి గదులు వేర్వేరుగా ఉంటాయి. ఒకటి చిరిగినా మిగిలినవి తెప్పను తేల్చి ఉంచుతాయి. అడుగు భాగం అంచుల వద్ద రంధ్రాల ద్వారా లోపలికి వచ్చిన నీరు దానంతట అదే బయటకు పోతుంది. సాధారణంగా ఒక తెప్పలో ఎనిమిది మంది వరకు ప్రయాణికులు, వెనుక ఒక గైడు ఉంటారు.

మనిషి శరీరం అధిక భాగం నీటిలో తనంతట తానే తేలుతుంది. తల నీటిపై ఉండుటకు పెద్దవారికి అదనంగా 3 నుండి 5 కిలోల ఊతం మాత్రమే అవసరం. నురుగు నీటిలో గాలి కలిసి ఉంటుంది కనుక ఆ నీరు మనిషిని తేల్చే శక్తి తక్కువ. అందువలన కొండ నదులలో వాడే లైఫ్ జాకెట్లకు అంతకంటె ఎక్కువ ఊతం ఉండాలి. జాకెట్టు శరీరానికి బిగుతుగా లేకపోతే అది పైకి తేలి, మనిషి కిందికి జారిపోతాడు. భుజాల పట్టీలను పట్టుకుని పైకి లాగినపుడు జాకెట్టు గడ్డం దాటి పైకి రాకుంటే అది సరిపోయినట్లు.

హెల్మెట్, తెడ్డు, విసురుటకు వీలుగా సంచిలో సర్దిన తాడు, ప్రథమ చికిత్స పెట్టె ఇతర పరికరాలు. కొన్ని బృందాల వెంట ఒక చిన్న కయాక్ పడవ కూడా వస్తుంది. నీటిలో పడినవారిని మొదట చేరుకునేది సాధారణంగా ఇదే.

ప్రయాణ విధానం

బయలుదేరే ముందు గైడు కొన్ని ఆజ్ఞలను నేర్పుతాడు. ఫార్వర్డ్ అంటే ముందుకు తెడ్డు వేయడం, బ్యాక్ అంటే వెనుకకు వేయడం, స్టాప్ అంటే ఆపడం, గెట్ డౌన్ అంటే తెప్ప లోపలికి జారి తాడు పట్టుకోవడం. తెప్ప బండకు గుద్దుకొనబోయినపుడు హై సైడ్ అని అరుస్తాడు. అప్పుడు అందరూ బండ వైపుకే, అనగా పైకి లేస్తున్న అంచు వైపుకు, ఒరగాలి. సహజంగా మనిషి బండకు దూరంగా జరుగుతాడు. కాని అలా జరిగితే ఎగువ అంచు మునిగి, నీరు తెప్పను బోల్తా కొట్టిస్తుంది.

నీటిలో పడినవారు వెల్లకిల తేలుతూ, పాదాలను దిగువ వైపుకు చాపి, కాలివేళ్ళు నీటిపై కనిపించేలా ఉంచాలి. అప్పుడు ఎదురయ్యే బండలకు పాదాలు తగులుతాయే గాని తల తగలదు. ప్రవాహంలో నిలబడుటకు ప్రయత్నించరాదు. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే ప్రవాహం శరీరాన్ని ముందుకు వంచి నీటిలో ముంచుతుంది. తాడు విసిరినపుడు తాడునే పట్టుకోవాలి గాని చేతికి చుట్టుకొనరాదు.

కాలము, నీటి మట్టం

సాధారణంగా సెప్టెంబరు చివర నుండి జూన్ చివర వరకు రాఫ్టింగ్ జరుగుతుంది. వర్షాకాలంలో, ముఖ్యంగా జూలై, ఆగస్టు నెలలలో, నది ఉప్పొంగుట వలన నిలిపివేస్తారు. శీతాకాలంలో నీరు స్వచ్ఛంగా, తక్కువగా ఉంటుంది. కాని చాలా చల్లగా ఉంటుంది. చల్లని నీటిలో హఠాత్తుగా పడినవారు తమకు తెలియకుండానే పెద్దగా శ్వాస పీలుస్తారు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే ఈత వచ్చినవారికి సైతం ప్రమాదం. వేసవిలో మంచు కరిగి ప్రవాహం పెరుగుతుంది.

నీటి మట్టం ఋతువులను బట్టి మాత్రమే మారదు. భాగీరథిపై 260.5 మీటర్ల ఎత్తైన టెహ్రీ ఆనకట్ట కలదు. 2006లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన ఈ ఆనకట్ట, దాని దిగువన ఉన్న కోటేశ్వర్ ఆనకట్ట, అలకనందపై శ్రీనగర్ జలవిద్యుత్ కేంద్రం విద్యుత్ అవసరాన్ని బట్టి నీటిని వదులుతాయి. అందువలన ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా నది కొన్ని గంటలలో పెరగవచ్చు లేదా తగ్గవచ్చు. కొండలలో జరిగే ఉత్పాతాలు కూడా దిగువకు చేరుతాయి. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో ఋషిగంగ లోయలో వరద వచ్చినపుడు ఋషికేశ్, హరిద్వార్ వరకు హెచ్చరికలు జారీ అయినవి.

ఆనకట్టల దిగువన ఉండే ప్రమాదం తెలుగు వారికి ఒక విషాదం ద్వారా తెలిసివచ్చినది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో దిగి ఉండగా, ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుండి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చి 24 మంది విద్యార్థులను ముంచివేసినది. వారు రాఫ్టింగ్ చేయుటకు వెళ్ళినవారు కాదు. ఎండిన రాళ్ళ మధ్య ఫోటోలు తీసుకొనుటకు నదిలోకి దిగినవారు. కొండ నదిలో తక్కువ నీరు కనిపించుట భద్రతకు గుర్తు కాదు.

స్వల్ప సెలవులు, ఎదురయ్యే ఇబ్బందులు

పర్వతారోహణ వంటి సాహసాలకు వారాల తరబడి శిక్షణ, సెలవు అవసరం. రాఫ్టింగ్‌లో పావుగంట పాఠంతో, సగం రోజులో, ఎవరైనను కొండ నదిని అనుభవించవచ్చు. శుక్రవారం రాత్రి ఢిల్లీలో బస్సు ఎక్కి, ఆదివారం రాత్రికి తిరిగి చేరవచ్చు. దూర ప్రాంతాల వారికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దేహ్రాదూన్ విమానాశ్రయం, హరిద్వార్‌లో పెద్ద రైల్వే స్టేషను ఉన్నవి.

ఈ సౌలభ్యమే కొన్ని ఇబ్బందులకు మూలం. శని, ఆదివారాలలో రద్దీ అధికం. ఒక బృందం వెంట మరొక బృందం బయలుదేరవలసి ఉండుట వలన సూచనలు చెప్పే సమయం కుదించుకుపోవచ్చు. రాత్రంతా ప్రయాణం చేసినవారు నిద్ర లేకుండా, ఏమీ తినకుండా నదిలో దిగుతారు. తిరుగు ప్రయాణానికి టికెట్టు కొన్నవారు నీరు ఎక్కువగా ఉన్నదని గైడు చెప్పినను ప్రయాణం రద్దు చేసుకొనుటకు ఇష్టపడరు. అలసట, చలి, మద్యం, తొందర అనే నాలుగును నదిలో ప్రమాదానికి తోడ్పడేవి.

నేర్పు సంపాదించుటకు వ్యవధి లేనివారు సైతం బయలుదేరే ముందు కొన్ని విషయాలు స్వయంగా చూడవచ్చు. సంస్థకు ప్రభుత్వ అనుమతి ఉన్నదా, జాకెట్టు చిరుగులు లేకుండా బిగుతుగా ఉన్నదా, హెల్మెట్ కదలకుండా ఉన్నదా, గైడు సూచనలు పూర్తిగా చెప్పాడా, వెంట మరొక తెప్ప గాని కయాక్ గాని వస్తున్నదా, నేటి నీటి మట్టం ఎట్లున్నది అని అడుగుటకు పది నిమిషాలు చాలును. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు ఈ ప్రయాణం మానుకోవాలి. సాధారణంగా 14 ఏళ్ళ లోపు పిల్లలను అనుమతించరు.

నియంత్రణ, పర్యావరణం

రాఫ్టింగ్ పెరిగిన కొద్దీ నది ఒడ్డున ఇసుక మేటలపై గుడారాల శిబిరాలు వెలసినవి. వ్యర్థాలు, శబ్దం, అడవి జంతువులకు కలిగే ఇబ్బందిపై ఫిర్యాదులు రావడంతో, 2015 డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానం కౌడియాలా, ఋషికేశ్ మధ్య నది ఒడ్డున శిబిరాలను నిషేధించినది. రాఫ్టింగ్‌ను మాత్రం కొనసాగనిచ్చినది. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు, తగిన విధానం రూపొందించే వరకు రాష్ట్రంలో రాఫ్టింగ్, ఇతర జలక్రీడలు, పారాగ్లైడింగ్ నిలిపివేయాలని ఆదేశించినది. తరువాత ఇవి తిరిగి మొదలైనవి.

తెలుగు రాష్ట్రాల వారికి దగ్గరి ప్రదేశాలు

కర్ణాటకలో కాళీ నదిపై దాండేలి ప్రాంతం, కొడగు జిల్లాలో బరపోలె నది, మహారాష్ట్రలో కుండలికా నదిపై కోలాడ్ రాఫ్టింగ్‌కు ప్రసిద్ధమైనవి. దాండేలిలో సూపా ఆనకట్ట, కోలాడ్‌లో భీరా జలవిద్యుత్ కేంద్రం వదిలే నీటిపై ప్రయాణం ఆధారపడి ఉంటుంది. బరపోలెలో వర్షాకాలంలోనే చేస్తారు.

గోదావరిపై పాపికొండల యాత్ర మరపడవలలో జరిగే విహారం, రాఫ్టింగ్ కాదు. అయినను జాగ్రత్తలు రెంటికీ ఒకటే. 2019 సెప్టెంబరు 15న వరద ఉన్న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి దాదాపు 50 మంది మరణించారు. వరద నీటిలో బయలుదేరకుండుట, ప్రయాణం ముగిసే వరకు లైఫ్ జాకెట్టు తీయకుండుట అనే రెండు నియమాలు ఏ నదికైనను వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

- గంగా నది
- ఋషికేశ్
- దేవప్రయాగ
- టెహ్రీ ఆనకట్ట
- పాపికొండలు
- పుట్టి